పార్ట్‌నర్ మాస్టారు

పార్ట్‌నర్ మాస్టారికి ఫోన్ చేసి "బాగున్నారా అండీ" అంటే లాభం లేదు. "అది సరేగానీ, మీ సంస్థ పిక్ నంబరు 9 అంకెలూ ఓసారి చదవండి" అంటారు. ఆయన అసలు పాఠం చెప్పేది వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో ఇప్పుడు డిపార్ట్‌మెంటులో కూడా ఎవరూ గట్టిగా చెప్పలేరు. పరిశోధన గ్రాంటుకు దరఖాస్తు పెట్టేవాళ్ళంతా చివరికి ఆయన గది ముందే తేలతారు. భాగస్వామి సంస్థ ఎవరు, అది నిజంగా ఉందా, ఉంటే ఏ పేరుతో ఉంది అన్న గడులు నింపడం ఆయనకే చేతనవును. ఇలాంటాయన మన యూనివర్సిటీల్లో చోటుకొకరు ఉంటారు. లేనిచోట గ్రాంట్లు కూడా ఉండవు.

కొత్తవాళ్ళు కనిపిస్తే మనం పేరు అడుగుతాం. ఆయన "లీగల్ పేరు" అడుగుతారు. ఏ సంస్థకైనా బోర్డు మీద ఒక పేరు, లెటర్‌హెడ్ మీద ఇంకొకటి, పాన్ కార్డులో మరొకటి ఉంటాయి. రబ్బరు స్టాంపు చేసినవాడి పుణ్యమా అని స్పెల్లింగు తప్పుతో నాలుగోది. వీటిలో అసలుది ఏదో తేలేదాకా మాస్టారికి అన్నం సహించదు. మొన్న ఎవరో శుభలేఖ ఇస్తే వరుడి పేరు రెండుసార్లు చదివి, "ఆధార్‌లో కూడా ఇలాగే ఉందా?" అని ఆడపెళ్ళివారిని అడిగారు. వాళ్ళకు లేని అనుమానం పుట్టించి, పెళ్ళికి వెళ్ళి శుభ్రంగా భోంచేసి వచ్చారు.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. ఒక కుర్ర అసిస్టెంట్ ప్రొఫెసర్ "భాగస్వామి: జేఎన్‌టీయూ" అని రాసుకొచ్చాడు. "ఏ జేఎన్‌టీయూ నాయనా? 2008లో అది హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని ముక్కలయింది కదా. అన్నిటితోనూ ఒకేసారి కలిసి పనిచేస్తున్నావా?" అన్నారు మాస్టారు. వ్యవసాయ విశ్వవిద్యాలయమంటే ఇంకా చిక్కు. 1964లో పుట్టింది, తరవాత ఎన్.జి.రంగా గారి పేరు పెట్టుకుంది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఉన్నది జయశంకర్ గారి పేరుకు మారింది. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే పెట్టారు. మాస్టారిది ఏ పార్టీ కాదు. అయినా అసెంబ్లీ సమావేశాలు మొదలయ్యాయంటే పొద్దున వేసుకోవలసిన బీపీ మాత్ర తెల్లవారుజామునే వేసేసుకుంటారు.

సంస్థలను గుర్తించడానికి అమెరికా ప్రభుత్వం అడిగిన డన్స్ నంబర్లు ఒకప్పుడు ఆయనకు కంఠతా వచ్చు. 2022 ఏప్రిల్ 4న వాళ్ళు వాటిని పక్కనబెట్టి అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే యూఈఐ తెచ్చారు. చాలా రోజులు మాస్టారు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ కొత్త నంబర్లలో సున్నాతో పొరబడకుండా ‘ఓ’, ఒకటితో పొరబడకుండా ‘ఐ’ అక్షరాలు వాడరని తెలిశాక మాత్రం కరిగిపోయారు. "అదీ సంస్కారమంటే" అన్నారు.

ఆయన అసలు ప్రేమ ఐరోపా మీద. 2021 నుంచి 2027 దాకా నడిచే హొరైజన్ యూరప్‌లో సాధారణంగా మూడు వేర్వేరు దేశాల సంస్థలైనా కలిసి దరఖాస్తు పెట్టాలి, అందులో ఒకటైనా ఐరోపా సమాఖ్యది కావాలి. ప్రతి సంస్థకూ పిక్ నంబరు, అంటే వాళ్ళ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య, ఉండాలి. మనదేశపు సంస్థలకు అక్కడి నిధులు వాటంతటవి రావు. చాలాసార్లు ‘అసోసియేటెడ్ పార్ట్‌నర్’ హోదా ఇస్తారు. అంటే పంక్తిలో కూర్చోవచ్చు, విస్తరి వెయ్యరు. పంక్తిలో కూర్చోవడానికీ నంబరు కావాలి గనక మాస్టారు పోర్టల్‌లో తమ యూనివర్సిటీ పేరు వెతికారు. ఒకటి కాదు, ఐదు దొరికాయి. డిపార్ట్‌మెంటుకొకరు చొప్పున ఎవరికివాళ్ళు రిజిస్టర్ చేసేసుకున్నారు. ఒకటి ఎప్పుడో రిటైరైన ఒకాయన సొంత ఈమెయిలు మీద ఉంది. ఆయనకు ఫోన్ చేస్తే, "పాస్‌వర్డు మా మనవడు పెట్టాడండీ, వాడిప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు" అన్నారు. డల్లాస్‌లో అర్ధరాత్రి ఆ మనవణ్ణి నిద్రలేపిన ఘనత మాస్టారిది.

ఈమధ్య ఆ ఐరోపా గ్రాంటుకే రాగుల మీద ఒక ప్రాజెక్టు వచ్చింది. పాడేరు వైపు కొండమీద ఆడవాళ్ళ సంఘమొకటి పాతరకం రాగి విత్తనాన్ని తరాలుగా కాపాడుతోంది. పరిశోధనంతా వాళ్ళ గాదెల్లోనే ఉంది. మాస్టారు అధ్యక్షురాలిని అడిగారు: "స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వమిచ్చే దర్పణ్ ఐడీ ఉందామ్మా?" లేదు. "రిజిస్ట్రేషన్?" లేదు. "లెటర్‌హెడ్?" అదేంటని ఆవిడ అడిగింది. "మాకు బ్యాంకు లోను నంబరుంది సారూ. వాయిదా ఒక్కటీ తప్పలేదు. అది చాలదా?" మాస్టారు ఫారమంతా పైనుంచి కిందికి వెతికారు. అలాంటి గడి లేదు.

అదే ఊరికి దగ్గర్లో ఒకే గదిలో నడిచే ఫౌండేషన్ ఉంది. ఆ గదికి తాళం. కానీ దర్పణ్, పాన్, ప్రభుత్వ చెల్లింపులకు కావలసిన పీఎఫ్‌ఎంఎస్, ఆడిట్ రిపోర్టులు అన్నీ సలక్షణంగా ఉన్నాయి. దాని పక్కన పచ్చ టిక్కు క్షణంలో పడింది. మాస్టారికి నచ్చలేదు, నిజం చెప్పాలి. రెండు రోజులు గొణిగారు. చివరికి ఆడవాళ్ళ సంఘాన్ని భాగస్వాముల్లోంచి తీసి, యూనివర్సిటీ కింద ‘క్షేత్ర సహకారం’ అని ఒక వాక్యంలో సర్దారు.

గడువు బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5. చలికాలమైతే మనకు రాత్రి 9:30. ఆ రాత్రి 9 గంటలకు అన్ని గడులూ పచ్చబడ్డాయి. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. ప్రాజెక్టు రాసిన అమ్మాయి భయంభయంగా వచ్చింది.

"మాస్టారూ, పరిశోధన భాగం ఒక్కసారి చూస్తారా? ఆ రాగి రకం గురించి కొత్తగా రెండు పేజీలు రాశాను."

"పెట్టెయ్యమ్మా, పెట్టెయ్. దానికి వెరిఫికేషన్ ఉండదు."