‘గిటారంటే వుడ్డే’: టీకా తాత్పర్య సహితము

మూలము

“చూడు తమ్ముడూ, గిటారంటే వుడ్డే. మహాగని బాడీ, రోజ్‌వుడ్ బోర్డు, పైన పేరు. ఈ మూడూ ఉన్నాయా, టోన్ దానంతటదే వస్తుంది. ధర చూసి కొనకు, చెవితో కొను.”

అవతారిక

ఎలక్ట్రిక్ గిటారు కొనబోయిన వారికి దుకాణంలో ఒక మహానుభావుడు తప్పక తగులుతాడు. ఆయన అమ్మేవాడు కాడు, కొనేవాడూ కాడు. తీగల సెట్టొకటి కొనడానికి మధ్యాహ్నం వచ్చి దుకాణం కట్టేసేదాకా ఉండిపోయే రసికుడు. పై వాక్యం ఆయన నోట వెలువడినది. స్వల్ప పాఠభేదాలతో హైదరాబాదులోనూ విజయవాడలోనూ బెంగళూరులోనూ వినబడుతుంది కనుక ఇది ఒక్కరి రచన కాదనీ, గురుశిష్య పరంపరగా వస్తున్నదనీ నిశ్చయించాం. ఇంత వ్యాప్తి గల గ్రంథానికి ఇంతవరకు వ్యాఖ్య లేకపోవడం సారస్వత లోకానికే లోపం. మెదకు సీమ వాడని చెప్పుకునే కొలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. మాకు ఆ నియమం లేదు. కాళిదాసూ లేడు.

ప్రతిపదార్థము

సులభం కనుక విడిచిపెట్టాం. ‘టోన్’ అన్న మాట ఒక్కటే కఠినం. దాని అర్థం వక్తకే తెలియదు కనుక దాన్నీ విడిచిపెట్టాం.

‘తమ్ముడూ’

ఇది సంబోధన. ఎవరిని ఉద్దేశించి? ఆ వేళ అక్కడ దుకాణందారు కాక ఉన్న శ్రోతలు ముగ్గురు. ఒకడు ఈ వ్యాఖ్యాత, వక్తకంటే వయసులో పెద్ద. ఒకడు కౌంటరు వెనక ఫోను చూసుకుంటున్న కుర్రాడు. గిటారు కొనడు, అమ్మే ఉద్దేశమూ ఉన్నట్టు లేదు. మూడో వ్యక్తి మా మేనకోడలు. కొనేది ఆవిడే. డబ్బు దాచుకున్నదీ, ఏ గిటారు ఎందుకో నెలల తరబడి చదువుకున్నదీ ఆవిడే.

శంక: ఆడపిల్లను ‘తమ్ముడూ’ అని పిలవవచ్చునా? సమాధానం: వక్త ఆమెను పిలవలేదు. ఆమె తల మీదుగా నాతో చెప్పాడు. కొన్ని ప్రతుల్లో ఇక్కడ ‘బ్రో’ అని పాఠాంతరం ఉంది. అది అర్వాచీనం. అర్థభేదం లేదు. ఆడపిల్ల ఆ పాఠంలోనూ లేదు.

దీని వెంటనే దుకాణందారు పలికిన “అమ్మాయికైతే చిన్నది చూపిస్తాను సార్, పింకు కూడా ఉంది” అన్న వాక్యాన్ని ప్రక్షిప్తమని కొట్టిపారేద్దామని చూశాను. వీలుపడలేదు. చెవులారా విన్నాను. “ఇందులో పికప్‌లు సింగిల్ కాయిలా, హంబకరా?” అని పిల్ల అడిగితే జవాబు నాకు చెప్పారు. ప్రశ్న ఆవిడది, జేబు ఆవిడది, జవాబు నాకు!

‘గిటారంటే వుడ్డే’

నైయాయికుల లెక్కన ఇది అనుమానం. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉన్నట్టు, మంచి నాదం ఉన్న ప్రతిచోటా మేలైన చెక్క ఉండాలని ఇక్కడి వ్యాప్తి. వ్యాప్తి నిలవాలంటే ఒక్కచోట కూడా తప్పకూడదు. తప్పిన చోట్లు చూద్దాం. 1930ల తొలినాళ్లలో జార్జ్ బీచం ఊహించి, రికెన్‌బాకర్ అమ్మిన తొలి ఎలక్ట్రిక్ గిటారు పోతపోసిన అల్యూమినియం. దాని వాలకం చూసి జనం ‘ఫ్రయింగ్ పాన్’ అన్నారు. డాన్‌ఎలెక్ట్రో వాళ్లు చెక్కపొట్టు నొక్కి చేసిన మేసొనైట్ పలకలతో గిటార్లు చేసి, పికప్‌లను లిప్‌స్టిక్ గొట్టాల్లో అమర్చారు. అలాంటి దాన్ని లెడ్ జెప్పెలిన్ జిమ్మీ పేజ్ వేదికెక్కించాడు. 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆంపెగ్ కంపెనీ కోసం అవతలి వైపు కనబడే ప్లాస్టిక్ గిటారు చేశాడు. రాక్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ దాన్ని వాయించాడు. క్వీన్ బృందం బ్రయన్ మే కుర్రతనంలో తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకున్న గిటారుకు మెడ, పాత నిప్పుగూటి చట్రంలోంచి తీసిన చెక్క. “అది మహాగనియే కదా!” అని పూర్వపక్షి ఎగిరి గంతేస్తాడు. నిజమే. అయితే అందులో పురుగు తొలిచిన బొరియలను అగ్గిపుల్లలతో పూడ్చారు. అగ్గిపుల్ల టోన్ గురించి శాస్త్రం మౌనం వహించింది.

ఇన్నిచోట్ల తప్పడానికి కారణం కఠినమైనదేమీ కాదు. ఉక్కు తీగ పికప్‌లోని అయస్కాంతం ఎదుట వణికితే, ఆ అయస్కాంతానికి వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. ఇది 1831లో ఫారడే చెప్పిన సంగతే. ఆ కరెంటును ఆంప్లిఫయరు పెంచుతుంది, స్పీకరు గాలిలోకి వదులుతుంది. ఈ దారిలో చెక్క కూచునే స్టేషను లేదు. తీగ ఎంతసేపు మోగుతుందన్న దాంట్లో చెక్కకూ కొంత పాలు ఉందనేవారు ఉన్నారు, పేచీ పెట్టం. మేలైన చెక్క అయితే మెడ వంగదు, బరువు కుదురుతుంది. నాలుగు కిలోలు దాటే లెస్‌పాల్ గిటారును గంటసేపు భుజాన మోసిన వారికి ఈ గుణం విలువ తెలుసు. అంతవరకు దండం పెడతాం. కాని నాదం దగ్గర వరస కడితే చెయ్యి, తీగ, పికప్, ఆంప్లిఫయరు, స్పీకరు ముందు నిలబడతాయి. చెక్క వాటి వెనక.

బొబ్బిలిలో ఒకే పనస మానును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. అక్కడెవరైనా ‘వీణంటే చెక్కే’ అంటే సాష్టాంగపడతాం. అక్కడ పలికేది కుండే, కాయే, ఆ పనసే. ఆ గౌరవాన్ని ఎత్తుకొచ్చి బోలు కూడా లేని పలకకు తగిలించడం మాత్రం ఒప్పుకోం.

‘మహాగని బాడీ’

ఇక్కడ వాచ్యార్థం పొసగదు కనుక లక్షణను ఆశ్రయించాలి. గంగలో గొల్లపల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని ఆలంకారికులు అర్థం చెప్పినట్టే, పదిహేను వేల గిటారు మీద ‘మహాగని’ అని కనబడితే మహాగని రంగు అని అర్థం చెప్పుకోవాలి. లోపల ఉన్నది పోప్లారో నేటోనో అయి ఉంటుంది. నేటోకు వ్యాపారులు ‘తూర్పు మహాగని’ అని బిరుదిచ్చారు. ఆ చెక్కల్లో లోపం లేదు. లోపం బిరుదులో ఉంది.

‘రోజ్‌వుడ్ బోర్డు’

ఇది మన ఇరుగుడు. కొన్నిచోట్ల జిట్టేగి అంటారు. మన అడవుల్లో పెరిగి సముద్రాలు దాటి, గిటారు మెడకు పలకై, డాలర్లలో తిరిగి వచ్చి మనకే గొప్ప చెబుతుంది. దీని ప్రయాణంలో పోలీసులు కూడా ఉన్నారు. 2011 ఆగస్టులో అమెరికా అధికారులు గిబ్సన్ గిటార్ల కంపెనీ మీద సోదా చేసి, ఇండియా నుంచి వెళ్లిన రోజ్‌వుడ్, ఎబొనీ పలకలను పట్టుకున్నారు. మన ఎగుమతి నిబంధనలకు విరుద్ధంగా వచ్చాయన్నది అభియోగం. 2009లో మడగాస్కర్ ఎబొనీ మీద అంతకుముందే ఒక సోదా జరిగింది. చివరకు 2012లో కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుని గొడవ తీర్చుకుంది. 2017లో రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని వన్యజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం కింద అదుపులోకి తెచ్చారు. దాంతో ఫెండర్ కంపెనీ వాళ్లు మెక్సికోలో చేసే గిటార్లకు పావ్ ఫెరో అనే దక్షిణ అమెరికా చెక్క వేశారు. తయారైన వాయిద్యాలకు 2019లో మినహాయింపు వచ్చింది. ఆ మధ్యకాలంలో టోన్ పోయిందని విలపించిన రసికులు ఉన్నారు. వేలు తీగను నొక్కుతుంది, తీగ లోహపు మెట్టు మీద ఆనుతుంది. పలక కింద పడుకుని వింటూ ఉంటుంది. ఇంతకంటే వ్యాఖ్య అక్కర్లేదు.

‘పైన పేరు’

తలకట్టు మీద ఉండే పేరు. దీనికి ఇతిహాసమే ప్రమాణం. లియో ఫెండర్ 1950లో ‘బ్రాడ్‌కాస్టర్’ అని ఒక గిటారు తెచ్చాడు. ఆయనకు గిటారు వాయించడం రాదన్నది ఆనుషంగికం. గ్రెచ్ కంపెనీ ఆ పేరును పోలిన తమ డ్రమ్ముల పేరు చూపించి అభ్యంతరం చెప్పింది. 1951లో కొత్త పేరు కుదిరేదాకా ఫెండర్ వాళ్లు ఆ మాటను కత్తిరించి, ఉత్త ఇంటిపేరుతో అమ్మారు. ఆ తరవాతే అది ‘టెలీకాస్టర్’ అయింది. పేరు కత్తిరించిన ఆ గిటార్లను సంగ్రాహకులు ఇప్పుడు ‘నోకాస్టర్’ అని పిలిచి పెద్ద ధర పెట్టి కొంటారు. లేని పేరుకు కూడా రేటు కట్టగల జాతి ముందు మా తర్కం నిలవదు.

‘టోన్ దానంతటదే వస్తుంది’

ఇక్కడ ఆగాలి. ఎంతసేపంటే, పాలకొల్లు వెళ్లి వచ్చేంతసేపు.

పాలకొల్లులో 1969లో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను పిల్లవాడు చేతిలోకి తీసుకున్నాడు. రుద్రరాజు సుబ్బరాజు గారు పాఠం మొదలుపెట్టారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయన మాండొలిన్ వాయించరు. కర్ణాటక సంగీతం ఆ వాయిద్యం మీద వాయించి చూపేవారు అప్పటికి లేరు. గురువు పాడతారు, శిష్యుడు దాన్ని తీగ మీద వెతుక్కోవాలి. అదే పాఠం. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో పిల్లవాడు కచేరీ చేశాడు.

వాయిద్యం దగ్గరకు వద్దాం, ఎందుకంటే మూలకారుడు వినవలసింది ఇదే. మామూలు మాండొలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. మీటగానే మోగి, వెంటనే చల్లారిపోయే స్వరం. అందుకే ఆ వాయిద్యకారులు ఒకే స్వరాన్ని గబగబా మీటి నిలబెడతారు. మన సంగీతానికి అది చాలదు. స్వరం నిలవాలి, ఊగాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. జంట తీగను పక్కకు లాగితే రెండూ సమంగా సాగవు, శ్రుతి చెదురుతుంది. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నాడు. నాలుగు చాలకపోతే అయిదు చేసుకుని మూడున్నర స్థాయిలు దక్కించుకున్నాడు. ఎలక్ట్రిక్ వాయిద్యం తీసుకున్నాడు. తీగలో మిగిలిన కొనఊపిరిని కూడా పికప్ పట్టి ఆంప్లిఫయరుకు అందిస్తుంది కనుక, మీటిన ఒక్క స్వరం మీద ఎడమ చేయి లాగుతూ, వదులుతూ పెద్ద గమకం పలికించవచ్చు. తోడిలో గాంధారం ఊగాలంటే ఊపిరి కావాలి. ఆ ఊపిరి తీగలోంచి, కరెంటులోంచి, వేలి కొసలోంచి వచ్చింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, తరవాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’, అన్నిచోట్లా ఆ చిన్న పలకే. 2014లో ఆయన వెళ్లిపోయేదాకా ఆ కచేరీల్లో నా పక్కన కూచున్న శ్రోతలు రాగం అడిగారు, కృతి అడిగారు, ఎక్కడ నేర్చుకున్నాడని అడిగారు. అది ఏ చెక్క అని అడిగినవాణ్ణి నేను చూడలేదు.

తరతరాలుగా వీణ మీద అలవాటైన పనిని తీసుకెళ్లి పరాయి వాయిద్యంలో పెట్టడానికి ఆ పిల్లవాడు ఏం మార్చాడు? తీగలు మార్చాడు, పికప్ పెట్టుకున్నాడు, ఏళ్ల తరబడి చెయ్యి అరగదీసుకున్నాడు. ‘దానంతటదే’ వచ్చినది అందులో ఒక్కటీ లేదు. సావేరి వాయిస్తుంటే...

మూలం మరిచిపోయాం. మూలకారుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

‘చెవితో కొను’

గ్రంథం మొత్తం మీద ఆర్షవాక్యం ఇదొక్కటే. నాలుగు ప్రమాణాల్లో ప్రత్యక్షాన్ని మించింది లేదు. కాని ఆ ప్రత్యక్షం కలిగేదెట్లా? గిటార్లు గోడకు ఎత్తున వేలాడుతున్నాయి. దించమంటే “ఏది తీసుకుంటారో చెప్పండి, దించుతాను” అన్నారు. దించినదాని తీగలు తుప్పు పట్టి వేళ్లకు నల్లగా అంటుకున్నాయి. శ్రుతి లేదు. ఆంప్లిఫయరు ఉంది, దాని మీద బిల్లు పుస్తకాలు ఉన్నాయి. కేబుల్ అడిగితే వెతుకుతున్నారు. ఇంతలో మన రసికుడు గిటారు వీపు మీద వేలితో టక్కున కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని “విన్నావా తమ్ముడూ, మహాగని” అన్నాడు. ప్లగ్గు పెట్టని ఎలక్ట్రిక్ గిటారులో ఆయనకు వినబడినది ఏమిటో ఏ ప్రస్థానంలోనూ నిర్వచనం లేదు. చెవితో కొనమని బోధించి, చెవికి పని లేకుండా చేసే ఏర్పాటును ఏమనాలి? నాకు కోపం వచ్చింది. వ్యాఖ్యాతకు కోపం తగదు కనుక పనికొచ్చే మాటలు చెబుతాను.

తీగను మొదటి మెట్టు దగ్గరా, మెడ ఒంటికి అతికిన చోటా ఒకేసారి నొక్కితే, నడుమ మెట్ల మీద తీగకూ మెట్టుకూ మధ్య కాగితమంత సందు కనబడాలి. పెద్ద సందుంటే మెడ వంగింది. లోపలి ఇనప చువ్వను తిప్పి సరిచేయవచ్చు, చువ్వ తిరుగుతుందో లేదో అక్కడే అడగాలి. పన్నెండో మెట్టు పైన తీగను ఊరికే తాకి మీటితే వచ్చే స్వరమూ, అదే మెట్టు నొక్కితే వచ్చే స్వరమూ ఒకటి కావాలి. మెడ అంచు వెంట అరచెయ్యి జరిపితే మెట్ల కొనలు గీసుకోకూడదు. ఎండాకాలం పొడిగాలికి చెక్క కుంచించుకుపోయి అవి బయటికి పొడుచుకొస్తాయి, హైదరాబాదు వారు మే నెలలో తప్పక చూడాలి. వాల్యూము మీటలు తిప్పితే కరకర రాకూడదు. సింగిల్ కాయిల్‌లో గుయ్‌మనే మోత సహజం, అది కరెంటు 50 సైకిళ్ల మోత. దాన్ని రద్దు చేయడానికే గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు కాయిళ్లను పక్కపక్కనే, ఒకదాని మోతను ఒకటి రద్దుచేసేలా వ్యతిరేకంగా కలిపి హంబకర్ చేశాడు. తీగ మీద చెయ్యి వేస్తే మోత తగ్గి, తీస్తే పెరుగుతుంటే మీ ఇంటి ఎర్తింగ్ కూడా చూపించుకోండి. ఇక ఉన్న డబ్బంతా గిటారుకే పోసి ఆంప్లిఫయరుకు మిగల్చకపోవడం ఈ విద్యలో చేరినవారందరూ చేసే పని. మూలకారుడి మూడు లక్షణాల జాబితాలో ఆంప్లిఫయరు లేకపోవడమే దానికి కారణమని మా నిశ్చయం.

తాత్పర్యము

మూలకారుడికి కమీషను ముట్టదు. ఆయన చెప్పేది భక్తితో చెబుతాడు, పోనిద్దాం. దుకాణాలవారికి మాత్రం ఒక విన్నపం. ఆంప్లిఫయరు మీది బిల్లు పుస్తకాలు తీయండి. పక్కన ఒక కుర్చీ, ఒక కేబుల్ ఉంచండి. గిటారును గోడమీంచి దించి, తీగలు మార్చి, శ్రుతి చేసి కొనేవారి చేతికివ్వండి. కొనేది ఆడపిల్ల అయితే పక్కనున్న మేనమామతో కాక ఆ పిల్లతోనే మాట్లాడండి.