కోళ్లగూటికి తాళం

టేకుమట్ల మండలం మొత్తం వెతికినా కోళ్లగూటికి తాళం వేసే మనిషి నేను తప్ప ఇంకొకడు దొరకడు. రాత్రి అన్నం తిన్నాక గూటి తలుపుకు గొళ్లెం పెట్టి, తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసి, చెవి మొలతాడుకు కట్టుకునేవాణ్ని. మా చిన్నమ్మ అరుగు మీద కూర్చొని చూసేది. "పిల్లి తలుపు తీసుకొని వస్తదా బిడ్డా?" అని ఒకనాడు అడిగింది. పెద్దామెకు ఏం తెలుసులే అనుకున్నాను.

హైదరాబాదులో నౌకరీ ముగించుకొని ఊరికి వచ్చిన కొత్త అది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర ఉంది. ఈసారి కొన్న కోడిని కాదు, ఇంట్లో పెంచిన పుంజునే సమ్మక్కకు ఒప్పజెప్పాలని మొక్కుకున్నాను. నాటుకోడి పెరగడానికి చానా కాలం పడుతుందని లెక్క వేసి వనరాజా పిల్లలను తెచ్చాను. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. చూడటానికి నాటుకోడిలాగే రంగురంగుల ఈకలు, బరువు మాత్రం తొందరగా వస్తుంది. ఆ బరువు చూసే నేను మురిసిపోయాను. చిన్నమ్మ కోళ్లు చీకటి పడకముందే ఎగిరి చింతకొమ్మ ఎక్కేవి. నావి అరుగు ఎక్కడానికే ఆయాసపడేవి.

చిన్నమ్మ పిల్లలకోడిని మాత్రం ఇంట్లోనే గంప కింద కమ్మి, మీద ఇంత రాయి పెట్టేది. ఆ గంపను చూసి నేను నవ్వాను. నా గూడు ముందు ఆ గంప ఎంత! భూపాలపల్లి నుంచి కోడిజాలి చుట్టలు తెచ్చి, నాలుగు దిక్కులా కర్రలు పాతి బిగించాను. గద్ద భయానికి పైన కూడా వల కప్పాను. చిన్నప్పుడు గద్ద కోడిపిల్లను తన్నుకుపోవడం చూశాను కాబట్టి నా భయమంతా ఆకాశం వైపే ఉండేది. ఆరు మూలల కండ్లున్న ఆ పలుచని జాలి కోళ్లు బయటికి పోకుండా ఆపడానికి పనికొస్తుంది. బయటి జంతువు లోపలికి రావాలనుకుంటే దాన్ని ఆపలేదు. దుకాణంలో ఆ మాట ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకో సంగతి కూడా నాకు తట్టలేదు. మీది నుంచి వచ్చే ముప్పుకు కోళ్లు ఒక తీరుగా అరుస్తాయి, నేల మీద వచ్చేదానికి ఇంకో తీరుగా అరుస్తాయి. శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి తేల్చిన విషయమిది. తల్లి ఒక్క కూత కూస్తే పిల్లలు రెక్కల కింద దూరిపోతాయి. నా పిల్లలు మెషీనులో పొదిగినవి. వాటికి ఆ కూత కూసే తల్లే లేదు.

2023 జూలై 27 మా దిక్కు ఎవరూ మరిచిపోరు. మోరంచపల్లి ఊరే నీళ్లలో మునిగింది. పక్కనున్న చిట్యాలలో ఒక్కరోజులో 61 సెంటీమీటర్ల పైచిలుకు వాన పడింది. నా గూటి కింద ఒక మూల మట్టి కొట్టుకుపోయి జాలి అంచు తేలింది. రెండు రాళ్లు అడ్డం పెట్టి ఊరుకున్నాను. తాళం ఉందిగదా!

తర్వాత పిల్లలు ఒక్కొక్కటే మాయం కావడం మొదలైంది. ఒకనాడు పక్కింటి బావ వాళ్ల కుక్క నోట్లో ఈకలు కనిపించాయి. ఇక సాక్ష్యం ఎందుకు? గోడ దగ్గర నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. "నా కుక్క పిల్లలతోని ఆడుకుంటది గని కోళ్లను ముట్టది బావా" అన్నాడు. నేను వినలేదు. వాకట్లోకి నలుగురు వచ్చారు. చివరికి ఆయన తల దించుకొని కుక్కను గొలుసుతో కట్టేశాడు. ఆ రాత్రి గెలిచినట్టు నిద్రపోయాను.

పత్తి ఏరుడు అయిపోయి, చేన్లలో కట్టె పీకేస్తున్న రోజుల్లో ఒక తెల్లవారి తాళం తీశాను. గూట్లో ఒక్క కోడి నిలబడి లేదు. అన్నీ మెడ దగ్గర కొరికి ఉన్నాయి, తీసుకుపోయింది మాత్రం ఒక్కటే. తాళం చెక్కుచెదరలేదు.

తినేది ఒక్కటైతే ఇన్నిటిని ఎందుకు చంపినట్టు? హాన్స్ క్రూక్ అనే జంతుశాస్త్రవేత్త 1972లోనే దీని మీద రాశాడు. ఎర పారిపోలేని చోట కదిలిన ప్రతిదాన్నీ చంపుతూ పోవడం వేటాడే జంతువుల స్వభావం. మామూలుగా ఒకటి దొరికేసరికి మిగతావి పారిపోతాయి కాబట్టి వేట అక్కడితో ఆగుతుంది. నా కోళ్లు ఎక్కడికి పారిపోతాయి? అసలే రాత్రి కండ్లు కనపడవు. మీద వల, చుట్టూ జాలి, తలుపుకు తాళం.

గొర్లు తోలుకుపోతున్న పెద్దమనిషి ఆగి, మూల దగ్గర తడిమట్టిలో అడుగులు చూశాడు. "కుక్కైతే గోర్లు పడాలె గద సారూ, యాడున్నయ్ గోర్లు? ఇది బావురుపిల్లి" అన్నాడు. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. జాలి అంచు పైకి లేచిన చోటే, నా రెండు రాళ్ల పక్కనుంచే దూరింది. పిల్లలు మాయమైనప్పుడు కూడా కాస్త వంగి చూసి ఉంటే ఎంతో తెలిసేది. గద్ద పట్టపగలే ఎత్తుకుపోతుంది, ఆనవాలు ఉండదు. పాము మింగలేక వదిలేసిన పిల్ల జిగటగా తడిసి ఉంటుంది. ముంగిస కూడా పగటి దొంగే, గుడ్లను వదలదు. పందికొక్కు బొరియలోకి లాక్కుపోతుంది. నాకు మాత్రం అన్నిటికీ ఆ కుక్కే కనిపించింది. చచ్చిన కోడి ఈకలను అది ఎక్కడో ఏరుకొని ఉంటుంది. రాత్రంతా మా రెండిళ్ల చుట్టూ తిరిగే కాపలాను నేనే గొలుసుకు కట్టించాను.

ఇంతటితో ఆగితే బాగుండేది. జాలికి కరెంటు పెట్టమని ఒకరన్నారు. అడవిపందులకు పెట్టిన తీగలు తగిలి మనుషులే పోతున్న జిల్లా మాది, అది మటుకు చేయలేదు. చచ్చిన కోడికి ఫోరేట్ గుళికలు పూసి పెట్టమని ఇంకొకరన్నారు. దానికి సరేనని ఒక కోడిని పక్కన పెట్టాను కూడా. ఆ మందును 2020 చివరి నుంచే నిషేధించారు. నేను మానుకున్నది మంచితనంతో కాదు, గుళికలు దొరకలేదు. 1972 వన్యప్రాణి చట్టం ఆ పిల్లిని కాపాడుతుందన్న సంగతి అప్పుడు గుర్తే లేదు. సరిస్కా అడవిలో చేసిన అధ్యయనం ప్రకారం బావురుపిల్లి ఒక్కటే రోజుకు 3 నుంచి 5 ఎలుకలను తింటుంది. చేలో అది చేసే పనికి మనం కూలి ఇవ్వడం లేదు.

జాతర దగ్గరపడింది. తాడ్వాయి తొవ్వలో అడిగినంత ఇచ్చి ఒక పుంజును కొన్నాను. మేడారంలో చుట్టాలతో "ఇంట్లో పెంచిందే, వనరాజా" అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే అది రెక్కలు కొట్టి ట్రాక్టర్ మీదికి ఎగిరింది. "నీ వనరాజా ఎగురుడు ఎప్పుడు నేర్చింది బిడ్డా?" అంది చిన్నమ్మ, అందరూ వినేటట్టు.

ఇప్పుడున్నవి నాటుకోళ్లే. గూటికి అరంగుళం కండ్ల వెల్డింగ్ జాలి వేశాను. అడుగున దాన్ని బయటి వైపు అడుగున్నర పరిచి మట్టి కప్పాను. తవ్వేది గోడ మొదట్లోనే తవ్వుతుంది, అక్కడే జాలి తగులుతుంది. చిన్న పిల్లలు మాత్రం చిన్నమ్మ గంప కిందే. తాళం స్కూటర్ డిక్కీలో ఉంది.

పక్కింటి బావ కుక్కను ఇంకా రాత్రిళ్లు కట్టేస్తూనే ఉన్నాడు. విప్పమని చెప్పాలంటే ముందు ఆనాటి తిట్ల సంగతి ఎత్తాలి. నలుగురి ముందు తిట్టినవాణ్ని, నలుగురి ముందే ఎత్తాలి. ఎదురుపడ్డప్పుడల్లా వానల గురించి, పత్తి ధర గురించి మాట్లాడి వచ్చేస్తున్నాను.