ఆఖరి నిమిషపు ధీరుని గుర్తించు విధానము

అమెరికా దేశపు ఫుట్‌బాల్ క్రీడయందు, పదునైదేసి నిమిషముల నాలుగు భాగములలో తుదిభాగము కూడ ముగియవచ్చి, తన జట్టు స్వల్పముగా వెనుకబడి, ఎదుటి బలగము మీదికి దూకుచుండగా, బంతిని చేతబట్టి ఎవరికి విసరవలెనో క్షణములలో నిర్ణయింపవలసిన క్వార్టర్‌బ్యాక్ నిజముగా ధీరుడా, కాడా యని తేల్చుట మహాకష్టమని కొందఱు వాపోవుదురు. వారు క్రమమెఱుగని వారు. గెలిచినదెవరో ముందు తెలిసికొని, గుణనిర్ణయము పిమ్మట చేసినచో ఏ చిక్కును లేదు.

1989 జనవరి 22న మయామీలో జరిగిన సూపర్ బౌల్ అను తుదిపోటీలో, శాన్ ఫ్రాన్సిస్కో జట్టు 16-13తో వెనుకబడి, మూడు నిమిషములకు కొంచెము మించిన కాలము మాత్రమే మిగిలియుండగా, తమ 8వ గజపు గీతనుండి బయలుదేరి, 92 గజములు జట్టును నడిపించి, 34 సెకన్లుండగా జాన్ టేలర్‌కు బంతి నందించి 20-16తో గెలిపించిన జో మోంటానా ధీరోదాత్తుడనుటలో ఎవరికిని విప్రతిపత్తి లేదు. ఆ సంకటమున సయితము ప్రేక్షకులలోనున్న హాస్యనటుడు జాన్ క్యాండీని తోటివారికి చూపెనని చెప్పుకొందురు; గెలిచినవాడు చూపెను గనుక అది స్థైర్యము, ఓడినవాడు చూపియుండినచో పరధ్యానము. అయితే అదే భాగమున అంతకుముందు మోంటానా విసరిన బంతి యొకటి ప్రత్యర్థి లూయిస్ బిలప్స్ చేతులలోనికి పోయి జాఱిపడినదను సంగతిని పరీక్షకుడు ప్రయత్నపూర్వకముగా మఱచిపోవలెను. ఆ వ్రేళ్లు బిగిసియున్నచో ఈ ధైర్యమంతయు ఏమయ్యెడిదో ఆలోచించుట శాస్త్రవిరుద్ధము.

రెండేండ్ల పిమ్మట, 1991లో టాంపాయందు జరిగిన సూపర్ బౌల్‌లో, 20-19తో వెనుకబడిన బఫెలో జట్టును జిమ్ కెల్లీ తమ గీత చెంతనుండి ప్రత్యర్థుల భూభాగములోనికి నడిపించి తెచ్చెను. తుది క్షణములలో స్కాట్ నార్వుడ్ 47 గజముల దూరమునుండి తన్నిన బంతి గోల్ స్తంభములకు కుడిప్రక్కగా పోయెను. కెల్లీ ధైర్యము కూడ దానితోనే పోయినదని వ్రాసికొనుడు. తన్నిన పాదము అతనిది కాదనుట కేవలము సాకు. రథమెక్కి కౌరవులను గెలిచినది బృహన్నలయే యైనను, తన కుమారుడగు ఉత్తరుని పేరనే విజయమును చాటించిన విరాటరాజు ఈ శాస్త్రమునకు మూలపురుషుడు. ఆ మహారాజు నేడున్నచో ఆయనకు వ్యాఖ్యాతగా కొలువు దొరకుటకు ఆలస్యముండదు.

అంకెల భక్తులతో మాత్రము జాగ్రత్త. క్వార్టర్‌బ్యాక్ విసరులను లెక్కగట్టు పాసర్ రేటింగ్ అను కొలమానమొకటి కలదు; దాని పరమావధి 158.3. మొదటి నిమిషమున విసరిన బంతికిని ఆఖరి నిమిషమున విసరిన బంతికిని అది భేదము చూపదు. కావున నాలుగవ భాగమును మాత్రమే కోసి తీసికొనుడు. అందును తుది రెండు నిమిషములను, అందును వెనుకబడిన ఆటలను, అందును మంచు కురిసిన దినములను. పట్టుమని పది విసరులైనను మిగులునో మిగులవో యని శంకింపక, కోరిన తీర్పు వచ్చునంతవఱకు కోయుచునే యుండవలెను.

ఇక ఈ కీర్తిని కోరు యువకునికి ఒక మాట. మొదటినుండియు చక్కగా ఆడుట ప్రమాదకరము. ఆ మోంటానాయే 1990 సూపర్ బౌల్‌లో ఐదు టచ్‌డౌన్ పాసులు విసరి 55-10తో డెన్వర్‌ను చిత్తుచేసెను. ఆట ముగియునప్పటికి అతని స్థానమున స్టీవ్ యంగ్ ఆడుచుండుటచే, ఆ దినమున ధైర్యము చూపుటకు పాపమతనికి అవకాశమే చిక్కలేదు. 2017 సూపర్ బౌల్‌లో టామ్ బ్రేడీ ఇట్టి పొరపాటు చేయలేదు. రెండవ భాగమున అతడు విసరిన బంతిని అట్లాంటా ఆటగాడు రాబర్ట్ ఆల్ఫర్డ్ పట్టి 82 గజములు పరుగెత్తి టచ్‌డౌన్ చేయుటయు, మూడవ భాగమున లోటు 28-3కు చేరుటయు సంభవించినందుననే గదా, పిమ్మట అదనపు సమయములో 34-28తో గెలుచుట మహాకావ్యమైనది! కనుక సాధన చేయువాడు ముందుగా ఆ 82 గజముల భాగమును అభ్యసించుట మేలు. దానికి శిక్షకుని అనుమతి దొరకుటయే కొంచెము కష్టము.