బెంజి చౌక, బోల్టు ఖరీదు

దేశంలో సంపద పైనుంచి కిందికి దిగడం లేదని వాపోయే ఆర్థికవేత్తలు ఒకసారి హైదరాబాద్ వచ్చి సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్ల అంగడి ముందు నిలబడాలి. పదేళ్ల కిందట ఎవరో అరవై లక్షలు పోసి కొన్న డీజిల్ ఈ-క్లాస్ బెంజి ఇవాళ పదిహేను లక్షలకే మీదవుతానంటుంది. దాని పక్కన బీఎండబ్ల్యూ 520డి, ఆ పక్కన ఆడి ఏ6. అన్నిటినీ కడిగి, తుడిచి, టైర్లకు పాలిష్ పూసి వరసగా నిలబెడతారు. కొత్త హ్యుందాయ్ కొనే డబ్బుకు మూడు కోణాల నక్షత్రం మన అపార్ట్‌మెంటు సెల్లారులో, రెండు స్తంభాల మధ్య ఇరుక్కుని మరీ వెలుగుతుంది. ఇంతటి సమసమాజాన్ని మార్క్స్ కూడా ఊహించి ఉండడు.

దిగివచ్చింది సంపద కాదు, ఖర్చు. ఆ సంగతి మొదటి సర్వీసు బిల్లు చేతికొచ్చేదాకా తెలియదు.

ముందు అంగడివాడి మాట విందాం. "సింగిల్ ఓనర్ అన్నా. డాక్టర్ సాబ్ బండి. డ్రైవర్ చేతికి ఇయ్యలే. ఐతారం గుడికి తప్ప బయటికి తియ్యలే." మన నగరంలో అమ్మకానికొచ్చిన లగ్జరీ బళ్లన్నీ డాక్టర్లవే, ఆ డాక్టర్లంతా పరమ భక్తులే. మరి ఆస్పత్రికి వాళ్లు ఏ బండిలో వెళ్లేవాళ్లో ఎవరూ అడగరు. మీటరు నలభై రెండు వేల కిలోమీటర్లు చూపిస్తుంది. అరిగిన బ్రేక్ పెడల్ రబ్బరు, మెరుపు తేలిన స్టీరింగు తోలు, నలిగిన డ్రైవరు సీటు అంచు లక్షన్నర చూపిస్తాయి. రబ్బరుకు అబద్ధమాడటం చేతకాదు గనక దానికి కొత్త తొడుగు వేస్తారు. చాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీసు రికార్డు తీయిస్తే ఒక్క పూటలో తేలిపోయే వ్యవహారమిది. కానీ నక్షత్రం ముందు నిలబడినవాడికి ఆ ఒక్క పూట ఓపిక ఉండదు. అప్పటికే సీట్లో కూర్చుని ఫొటో దిగి, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టేసి ఉంటాడు.

నంబరు ప్లేటు డీఎల్ అనో హెచ్‌ఆర్ అనో మొదలైతే దాని వెనక ఇంకో కథ. పదేళ్లు దాటిన డీజిల్ బండి ఢిల్లీలో, దాని చుట్టుపక్కల తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిపరిచింది. 2025లో కోర్టు కాస్త సడలింపు ఇచ్చినా, ఈలోగా గడువు ముంచుకొచ్చిన బళ్లెన్నో దక్షిణాది దారి పట్టాయి. ఢిల్లీ ఊపిరితిత్తులకు పనికిరాని పొగ మన ఊపిరితిత్తులకు హోదా అయింది. సరే, ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ రిజిస్టర్ చేయించబోతే జీవిత పన్ను మళ్లీ కట్టమంటారు. గంటసేపు బేరమాడి మీరు తగ్గించిన ధర మీద కాదు, బండి అసలు ధర, దాని వయసు చూసి లెక్కగడతారు. మీ దృష్టిలో అది పదిహేను లక్షల బండి కావచ్చు. సర్కారుకు మాత్రం అది పుట్టింది ఎంతకో బాగా గుర్తుంటుంది.

సర్కారుకే కాదు, విడిభాగాలు అమ్మేవాడికీ గుర్తుంటుంది. కారు ధర ఏటేటా పడిపోతుంది. ఆ కారులోని బోల్టు ధర ఏటేటా పెరుగుతుంది. పదిహేను లక్షలు పెట్టినవాడు పదిహేను లక్షల కారు కొన్నాననుకుంటాడు. కొన్నది అరవై లక్షల కారే. అందులో నలభై అయిదు లక్షలు మొదటివాడు మోశాడు, అక్కడినుంచి పుట్టే బిల్లులన్నీ రెండోవాడికి రాసిచ్చాడు. వారంటీ తీరిపోయాకే ఆయనకు ఈ కారు మీద మోజు ఎందుకు తీరిందో ఒక్క నిమిషం ఆలోచించండి. ఆయన వెర్రివాడు కాడు. వెర్రివాడైతే బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టేవాడా?

ఇంత జరుగుతున్నా కొనేవాడు గంభీరంగా అడిగే ప్రశ్న ఒక్కటే: "మైలేజీ ఎంతిస్తది?" హైవే మీద పదిహేనుకు పైనే అంటాడు అంగడివాడు. నగరంలో పది వస్తే అదృష్టం. పదే అనుకుని కాగితం, పెన్సిలు తీద్దాం. ఏడాదికి పది వేల కిలోమీటర్లు, లీటరు 95 రూపాయల లెక్కన డీజిలుకు 95 వేలు. అంగడివాడి లెక్క ఇక్కడ ఆగుతుంది. అసలు లెక్క ఇక్కడే మొదలవుతుంది. సర్వీసుకు 50 వేలు. ఇన్సూరెన్సుకు 45 వేలు. నాలుగు టైర్లకు లక్ష అనుకుంటే, నాలుగేళ్లకు పంచగా ఏడాదికి 25 వేలు. పదేళ్ల బండి గనక టర్బోనో, ఇంజెక్టరో, సస్పెన్షనో ఏటా ఏదో ఒకటి దక్షిణ అడుగుతుందని లక్ష పక్కన పెట్టండి. కారు విలువ ఏడాదికి మరో రెండు లక్షలు కరిగిందనుకోండి. మొత్తం 5 లక్షల 15 వేలు. అంటే కిలోమీటరుకు 51 రూపాయల 50 పైసలు. క్యాబ్ ఎక్కి వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నా ఇందులో సగం కాదు.

ఈ మొత్తంలో డీజిలు వాటా ఐదో వంతు కూడా లేదు. కొనేవాడు ఆ ఐదో వంతు గురించి గంటసేపు వాదించాడు, తక్కిన నాలుగు వంతుల గురించి నోరు మెదపకుండా సంతకం పెట్టాడు. అప్పు చేసి కొంటే వడ్డీ అదనం. పాత బండి మీద బ్యాంకు వేసే వడ్డీ కొత్త బండి వడ్డీ కంటే ఎక్కువని వేరే చెప్పాలా? ఆ బండి ఎన్నాళ్లుంటుందో మనకంటే బ్యాంకుకే బాగా తెలుసు.

"డీజిలైతే చౌక కదా" అంటారు. కాదన్నదెవరు? అదే కారు పెట్రోలుదై, లీటరుకు ఎనిమిది ఇస్తుందనుకుందాం. పెట్రోలు 107 రూపాయల చొప్పున కిలోమీటరుకు పదమూడు రూపాయల చిల్లర. డీజిలుకు తొమ్మిదిన్నర. పది వేల కిలోమీటర్లకు మిగిలేది నలభై వేల లోపే. ఒక్క ఇంజెక్టరు మార్చాల్సి వస్తే ఆ మిగులు హరీ. ఇంజెక్టర్లు నాలుగుంటాయి. మీది వీ6 ఇంజిను అని గొప్పగా చెప్పుకునే పక్షంలో ఆరు.

ఇక ఇంజిను లోపలి సంగతులు. ఈ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరుంటుంది. షెడ్డులో దాన్ని డీపీఎఫ్ అంటారు. అది నిండినప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడిలో మసిని కాల్చేసి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. ఆ వేడి పుట్టాలంటే బండి ఆగకుండా కాసేపు వేగంగా పరుగెత్తాలి. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా పాకే బండికి ఆ వేడి ఎక్కడిది? కొన్నాళ్లకు డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. దానికి వైద్యం, రాత్రి భోజనమయ్యాక కారును ఔటర్ రింగు రోడ్డు మీదికి తీసుకెళ్లడం. 158 కిలోమీటర్ల ఔటర్ ఉన్నందుకు ప్రభుత్వాలకు దండం పెట్టుకోవాలి. టోలు కట్టి, డీజిలు కాల్చి, డీజిలు మిగిల్చిన మసిని కాల్చి, అర్ధరాత్రి ఇంటికి చేరాలి. మనల్ని ఆఫీసుకు మోసుకెళ్తుందని కారు కొన్నాం. ఇప్పుడు దాన్ని వాహ్యాళికి తిప్పుకొచ్చే ఉద్యోగం మనది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండి అయితే ఇంకో ట్యాంకు కూడా ఉండొచ్చు. అందులో పోసేది యాడ్‌బ్లూ, అంటే నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. 2025 వానాకాలంలో తెలంగాణ రైతు ఒక్క బస్తా యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి పడిగాపులు కాశాడు. మన కారుకు అంత సహనం లేదు. యూరియా అయిపోతే మొండికేసి స్టార్టే కాదు. వరికి ఈ తెలివి లేక వాడిపోయింది.

బీఎండబ్ల్యూ గేర్‌బాక్సులో పోసిన ఆయిల్ జీవితకాలం పనిచేస్తుందని, మార్చనక్కర్లేదని చాలాకాలం చెబుతూ వచ్చారు. ఆ గేర్‌బాక్సు తయారుచేసిన జడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చుకోమంటుంది. ఇద్దరూ నిజమే చెప్పారు. మొదటి ఓనరు ఉన్నంతకాలం మార్చనక్కర్లేదు. మార్చాల్సిన కిలోమీటర్లు వచ్చేసరికి ఓనరు మీరు. ఇక 2014కు ముందరి 520డిలో వాడిన ఎన్47 ఇంజినుకు టైమింగ్ చైను వెనకవైపు, గేర్‌బాక్సు దిక్కున ఉంటుంది. ఆ చైను తొందరగా అరిగిపోవడం లోకమంతా తెలిసిన జబ్బు. చైను చిన్నదే. దాన్ని అందుకోవడానికే ఇంజినో గేర్‌బాక్సో కిందికి దించాలి. బిల్లులో సామానుకు ఒక గీత, కూలికి ఒక పేజీ.

"ఇన్సూరెన్సు ఉందిగా!" అనే ధీమాపరుల కోసం నాలుగు మాటలు. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ సామానుకు, టైర్లకు, బ్యాటరీకి సగం కోత. బండి పదేళ్లు దాటితే ఇనుప భాగాలకూ సగమే. కోతలు లేని జీరో డెప్ పాలసీ ఆ వయసు బండికి దొరకడం గగనం. ఈ కార్లకు ఒక్క హెడ్‌లైటే లక్ష దాటుతుంది. అది పగిలితే సగం మీ జేబులోంచే. వాన నీటిలోకి బండి దించితే ఇంజిను నీళ్లు మింగుతుంది. అప్పుడు ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేకపోతే ఇంజిను ఖర్చంతా మీదే. అన్నట్టు, 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ సెల్లార్లలో మునిగిన కార్లన్నీ తుక్కుకే వెళ్లాయని నమ్మేవాళ్లు ధన్యులు. వాటిలో కొన్నయినా ఆరి, ఒళ్లు తుడుచుకుని, డాక్టర్ సాబ్ బళ్లు కాలేదంటారా?

ఇన్ని తెలిసీ ఎందుకు కొంటారంటే, మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె రాసుకునే జాతి మనది. ఇప్పుడా నూనె సింథటిక్, బెంజి ఇంజినుకు ఒక్కసారికి ఆరు లీటర్ల పైనే పడుతుంది. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 నంబరు వేలంలో 25 లక్షల 50 వేలు పలికింది. నంబరు ప్లేటు కారు కంటే ఖరీదు పలికే ఊళ్లో కిలోమీటరుకు ఎంతవుతుందని అడిగేవాడు పేదవాడి కింద లెక్క. వెంచరు చూపించడానికి ఆల్టోలో దిగినవాడు గజానికి పది వేలు చెబితే జనం బేరమాడతారు. బెంజిలో దిగి పాతిక వేలు చెబితే తలూపుతారు. అక్కడ టర్బో ఖర్చు చివరికి ప్లాటు కొన్నవాడి నెత్తినే పడుతుంది. పెళ్లి సంబంధాల్లోనూ అంతే. "అబ్బాయికి బెంజి ఉందండీ" అంటే అది ఏ సంవత్సరం మోడలో అడిగే మామగారు ఇంకా పుట్టలేదు. నక్షత్రాన్ని చూసి హోటలు ముందు కాపలావాడు సెల్యూట్ కొడతాడు. షెడ్డులో మెకానిక్ కూడా అదే నక్షత్రాన్ని చూస్తాడు. కాపలావాడి గౌరవం టిప్పుతో తీరిపోతుంది. మెకానిక్ చూపే గౌరవానికి జీఎస్టీ కూడా పడుతుంది.

అందరూ మానుకోవాలని కాదు. వారానికి మూడుసార్లు విజయవాడ హైవే ఎక్కేవాళ్లున్నారు. కొనేముందు సర్వీసు రికార్డు తీయించి, బండిని లిఫ్టు ఎక్కించి కింద చూసి, కంప్యూటరు పెట్టి స్కాన్ చేయించేవాళ్లున్నారు. ఈ బళ్లే చూసే నమ్మకమైన గ్యారేజీ ఎరిగి, కారు ధరలో ఐదో వంతు బ్యాంకులో విడిగా దాచేవాళ్లున్నారు. వాళ్లకు ఈ డీజిల్ సెడాన్ ఇచ్చే సుఖం ఇంకేదీ ఇవ్వదు. ట్యాంకు నింపితే చెన్నై దాటిపోతుంది, దిగితే నడుం నొప్పి ఉండదు. అయితే అలాంటివాళ్లు అంగడిలో ఎక్కువసేపు నిలబడరు. వాళ్ల ప్రశ్నలకు అంగడివాడే లోపలికి వెళ్లిపోతాడు.

తక్కినవాళ్లు ఎంత చెప్పినా కొంటారు. ఏడాది తిరిగాక అదే అంగడికి తీసుకెళ్తారు. ఆ డాక్టర్ సాబ్ బండి చుట్టూ ఈసారి అంగడివాడు తిరుగుతాడు. మీరు చూడని ప్రతి గీతా చూస్తాడు, మీరు వినని ప్రతి చప్పుడూ వింటాడు, పదకొండు లక్షలంటాడు. మనసొప్పక మీరే ప్రకటన రాసుకుంటారు: "సెకండ్ ఓనర్, ఇంజిన్ మక్ఖన్, కుటుంబ అవసరాల వల్ల అమ్మకం." ఆ కుటుంబ అవసరం పేరు టర్బో అని రాయాల్సిన పని లేదు. మీకు అమ్మినాయన మాత్రం రాశాడా?