నో ఎంట్రీ బోర్డు గారికి ఒక డీసీఎం డ్రైవర్ బహిరంగ లేఖ

అయ్యా,

నేను డీసీఎం నడుపుతాను. డీసీఎం టయోటా కంపెనీ ఎప్పుడో కనుమరుగైంది కానీ, మా తెలంగాణలో బండి ఏ కంపెనీదైనా పేరు మాత్రం అదే. మేడ్చల్ గోదాములో లోడెత్తుకుని ఊళ్లోని కిరాణా షాపుల్లో, సూపర్ మార్కెట్లలో నూనె, పప్పు, సబ్బులు దింపడం నా పని.

పెద్ద బండ్లు రాత్రిపూటే రావాలన్నది తమరి ఆజ్ఞ. కాదనను. కానీ రాత్రి రెండింటికి షట్టర్ తడితే లేచేవి వీధికుక్కలే. షాపు సేటు వచ్చేది పొద్దున పదింటికి. ఆ వేళకి నేనొస్తే తమరు ఎర్రగా చూస్తారు. ఆయన ఫోన్ చేసి, ‘స్టాకేదిరా, గిరాకీ నిలబడ్డది’ అంటాడు. తమరి పక్కనే ఉన్నానన్నా నమ్మడు.

సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. దానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. నాది 30 కిలోమీటర్ల దూరం కూడా కాదు, అయినా తమరి నీడన నిలబడ్డంతసేపూ ఆ గడువు కరుగుతూనే ఉంటుంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అని చెప్పింది. టైరుకు ఆనుకుని కూర్చున్న గంటలు ఏ లెక్కలోకొస్తాయో మా ఓనర్ను అడిగాను. నవ్వాడు.

ఇక అన్‌లోడింగ్. మొన్నొక స్టోర్ వెనక గేటు దగ్గర కుర్రాడు అట్టపెట్టెలన్నీ లెక్కపెట్టి, చివరిదాని అడుగున వేలు రాసి చూశాడు. జిడ్డు. విప్పితే ఒక్క నూనె ప్యాకెట్ మూల చిట్లింది. పెట్టె మొత్తం ‘డ్యామేజీ’ అని రాసేశాడు. సంతకం నాది, కోత నా జీతంలో. చేతులు కడుక్కుంటానంటే లోపలి బాత్రూం స్టాఫ్‌కేనన్నాడు. అదే జిడ్డు చేత్తో స్టీరింగ్ పట్టుకుని బయటపడ్డాను.

తమరిని తీసేయమనను. బడి పిల్లలు రోడ్డు దాటే వేళ నా బండి అక్కడ ఉండకపోవడమే మంచిది, నాకూ పిల్లలున్నారు. కాకపోతే ఆ టైములేవో సేట్లకు కూడా ఒక కాపీ పంపండి. రాత్రి సరుకు దింపుకునేందుకు ఒక్క మనిషిని పెడితే చాలు.

ఇట్లు,
తమరి పక్కనే ఆగి ఉన్న డ్రైవర్.

తా.క.: తమరి తమ్ముళ్లు, నలభై కొత్త బోర్డులు, నా బండిలోనే ఉన్నారు. పగలు రానివ్వరు, రాత్రి దింపుకునేవాళ్లు లేరు.