కర్రు లేని నాగలి

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. పావురం, ఆలివ్ కొమ్మ, వెనకాల సూర్యోదయం, కింద బైబిల్లోని యెషయా రెండో అధ్యాయం నాలుగో వచనం. మనుషులు కత్తుల్ని సాగగొట్టి నాగలి కర్రులు చేసుకునే రోజొకటి వస్తుందన్న వాగ్దానం. పదిమందికి పంపితే యుద్ధం ఆగుతుందిట. హైదరాబాద్ నార్సింగిలోని మా టవర్లలో ఒక్కొక్కరూ తక్కువలో తక్కువ ఇరవై గ్రూపుల్లో ఉంటారు కాబట్టి ఈపాటికి రెండు మూడు యుద్ధాలైనా ఆగి ఉండాలి. సిగ్నల్ సరిగ్గా అందినట్టు లేదు.

పంపి ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణి. మా అసోసియేషన్ వారు దాన్ని క్లబ్‌హౌస్ దాకా తెచ్చారు. చర్చిలో డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక బుట్టలో చెయ్యిపెట్టి వాగ్దానం కార్డు తీయడం తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ఆ కార్డు ఏడాదంతా బీరువా తలుపు మీద ఉంటుంది. కూతురి పెళ్ళినీ కొడుకు ఉద్యోగాన్నీ ఆ అట్టముక్క మీదే పెట్టుకుని బతికిన తల్లులున్నారు. వాళ్ళ జోలికి నేను పోను. ఆ బుట్టని మావాళ్ళు అరువు తెచ్చుకుని, అందులో గీత, ఖురాన్, ధమ్మపదం అన్నీ కలిపి, యుద్ధంలో ఉన్న దేశాల తరఫున మనమే కార్డులు తీద్దామన్నారు. ఉక్రెయిన్‌కి ఒకటి, గాజాకి ఒకటి. ఎవరో సూడాన్ పేరెత్తితే, టైమ్ లేదండీ, స్నాక్స్ చల్లారిపోతున్నాయన్నారు.

ఇదివరకు ప్రపంచ యుద్ధాలాపే భారమంతా సువార్తికుడు కె.ఎ.పాల్ గారొక్కరే మోసేవారు. ఇప్పుడు టవరుకొకరు తయారయ్యారు.

యెషయా కార్డు వచ్చినాయన గొంతు సవరించుకుని చదివారు. చప్పట్లు. ఆయన నిలబడ్డది సరిగ్గా నాగలి కింద. నిజం నాగలే. మా క్లబ్‌హౌస్ లాబీ గోడకి ఇంటీరియర్ డిజైనర్ తగిలించిన పాత కర్ర నాగలి. వార్నిష్ మీద వార్నిష్ కొట్టి, పైన చిన్న దీపం పెట్టి, ముట్టుకోరాదని బోర్డు కూడా కట్టారు. మేడి ఉంది, కాడి ఉంది. కర్రు మాత్రం లేదు. పిల్లలకి గుచ్చుకుంటుందని పీకించేశారట. పీకిన కర్రు ఏమైందని మెయింటెనెన్స్ వాళ్ళని అడిగితే, పాత ఇనుము కింద పోయింది సార్ అన్నారు. ప్రవక్త చేయమన్న వస్తువొక్కటే మా దగ్గర లేదు, దాన్ని తూకానికి అమ్మేసుకున్నాం.

సరే, ఏ దేశమో మనసు మార్చుకుని ఒక ట్యాంకుని కరిగించి ఆ కర్రు చేసి మాకే పంపిందనుకుందాం. దించేదెక్కడ? 2023 ఆగస్టులో మా పక్కనే కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ఎకరం దున్ని జొన్న చల్లితే పెట్టుబడి ఎప్పటికి తిరిగొస్తుందని మా టవర్లోని చార్టర్డ్ అకౌంటెంట్‌ని అడిగాను. ఆయన ముందు నవ్వి, తర్వాత జాలిపడ్డారు. రాయబారంలో కృష్ణుడు అయిదూళ్ళడిగితే సూది మొన మోపినంత నేలైనా ఇవ్వనన్నాడని దుర్యోధనుణ్ణి తిట్టుకుంటూ పెరిగాం. ఇక్కడ చదరపు గజం రేటు చూశాక ఆయన మరీ అంత అన్యాయంగా ఏం మాట్లాడలేదనిపిస్తోంది.

ఈ కత్తీ కర్రూ బొమ్మకి ఓ విగ్రహం కూడా ఉంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి తోటలో ఓ కండల వీరుడు సుత్తెత్తి కత్తిని వంచుతుంటాడు. 1959లో కానుకగా ఇచ్చింది ఎవరనుకున్నారు, సోవియట్ యూనియన్. దానికి మూడేళ్ళ ముందు బుడాపెస్ట్ మీదకీ, తొమ్మిదేళ్ళ తర్వాత ప్రాగ్ మీదకీ ట్యాంకులు తోలిన సోవియట్ యూనియనే. ఆ విగ్రహం చేసిన యెవ్‌గెనీ వుచెతిచ్ పుట్టిన ఊరు ఈనాటి ఉక్రెయిన్‌లోని ద్నిప్రో. ఆ ఊరి మీద ఇప్పుడు రష్యా క్షిపణులు పడుతున్నాయి. విగ్రహంలో కత్తి ఇంకా సగమే వంగి ఉంది.

శాంతి కోరికలకి మన దగ్గరా తక్కువేం లేదు. హైదరాబాద్ పక్కనే ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో 1,035 హోమకుండాలతో మహాయజ్ఞం జరిగింది. ఆ నెల 24న రష్యా ఉక్రెయిన్‌లోకి దిగింది. అంతకంటే నేనేమీ అనను.

మా బుట్టలో వేయని కార్డొకటి ఉంది. యోవేలు మూడో అధ్యాయం పదో వచనం. అదే బైబిలు, అవే వస్తువులు, పని మాత్రం తలకిందులు: కర్రుల్ని కత్తులు చేయమంటుంది. అక్షరం పొల్లుపోకుండా నెరవేరుతున్న వాగ్దానం అదొక్కటే, అదీ మన ఊళ్ళోనే. కాంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ క్షిపణి ప్రయోగశాలలున్నాయి. 1970లో పుట్టిన క్షిపణుల తయారీ సంస్థ భారత్ డైనమిక్స్ ఉంది. ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్‌తో కలిసి అదానీ 2018 డిసెంబరులో హైదరాబాద్‌లోనే డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడ పనిచేసేవాళ్ళని నేనేమీ అనను, వాళ్ళు చేసేదేదో చెప్పే చేస్తున్నారు. నా ఒళ్ళు మండేది మా గ్రూపు చూసి. పావురం బొమ్మకి చేతులు జోడించిన బొమ్మలు పెట్టినాయనే, దాని కిందనే, డిఫెన్స్ షేర్లు ఇంకా ఎక్కుతాయి, భారత్ డైనమిక్స్ పట్టుకోండి అని సలహా ఇచ్చారు. ఆ సలహాకి పావురం కంటే ఎక్కువ బొటనవేళ్ళు లేచాయి.

ఇక వెటకారం చాలు. సైరన్ మోగాక నేలమాళిగలో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకు కూర్చున్న తల్లికి ఆ వచనం తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆవిడ దాన్ని పట్టుకుంటే అది ఆశ. దాన్ని ఆవిడ చేతిలోంచి లాక్కునే హక్కు ఏ నాస్తికుడికీ లేదు. పదిహేడో అంతస్తులో ఏసీ వేసుకుని మనం పట్టుకుంటే మాత్రం అది తప్పించుకోవడం. యెషయా అంత తేలిగ్గా వదల్లేదు కూడా. జాతుల మధ్య న్యాయం తీర్చడం ముందు, కత్తులు కరగడం తర్వాత. ఆ ముందు సగాన్ని కత్తిరించి పావురం అంటించారు. దెబ్బ మానకుండానే అంతా శాంతే అని పైపూత పూసేవాళ్ళని యిర్మీయా ఆరో అధ్యాయంలో దులిపేశాడు. ఆ కార్డు మాత్రం ఎవరూ ముద్రించరు.

ఆ దెబ్బ మనకేదో దూరమని కదా ధీమా! సహాయకుడి ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి పంపిన హైదరాబాద్ యువకుడు రష్యా సైన్యంలో చేరాల్సివచ్చి చచ్చిపోయాడు. మాస్కోలోని మన దౌత్య కార్యాలయం 2024 మార్చిలో ఆ మాట చెప్పింది. అదే ఏడాది, గాజా మీద బాంబులు పడుతుండగానే, ఇజ్రాయెల్‌లో ఇళ్ళు కట్టే పనులకి మన రాష్ట్ర సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో ఎంపికలు జరిపింది. మేస్త్రీలు, టైల్స్ వేసేవాళ్ళు, సెంట్రింగ్ పనివాళ్ళు వరసలో నిలబడ్డారు. మా టవర్లు కట్టింది కూడా అలాంటి చేతులే. వాళ్ళెందుకు నిలబడ్డారో, ఇక్కడ వాళ్ళకి ఎంత ముట్టిందో అడిగే వాగ్దానం ఏ బుట్టలోనూ దొరకదు. వాళ్ళ పిల్లల ఫీజుకి చందా వేద్దామా అంటే ఆ సాయంత్రమంతా గ్రూపులో ఒక్కరూ పలకలేదు.

ఆ రష్యా కుర్రాడి సంగతీ, డ్రోన్ల ఫ్యాక్టరీ సంగతీ కలిపి గ్రూపులో రాశాను. అడ్మిన్ గారు వెంటనే తీసేసి, దయచేసి రాజకీయాలు వద్దండీ, ఇది శాంతి కోసం పెట్టుకున్న గ్రూపు అని మర్యాదగా చెప్పారు. షేరు సలహా ఇంకా అక్కడే ఉంది. దాన్ని పిన్ చేశారు.