కోయ్నా రాతిలో నా కాపురం

నేను సీస్మోమీటర్‌ని, నేల అదురును పట్టే పరికరాన్ని. మహారాష్ట్రలో పడమటి కనుమల కింద, కోయ్నా జలాశయానికి అట్టే దూరం లేని చోట, కిలోమీటరుకు పైగా లోతున్న బోరులో ఉంటాను. పొడవాటి కేబులుకు కట్టి నన్ను ఇక్కడికి దించింది హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు. నా నెత్తి మీద ఉన్నదంతా దక్కను నల్లరాయి, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారి గట్టిపడిన లావా. నేను ఆనుకున్నది దాని అడుగునున్న గ్రానైటు. రెంటి మధ్యా అవక్షేప శిలలు దాగి ఉండొచ్చని కొందరు అనుకునేవారు. తవ్వి చూస్తే అలాంటిదేమీ లేదు, నల్లరాయి తిన్నగా గ్రానైటు మీదే కూర్చుంది.

పైన రొద ఎక్కువ. లారీలు, గాలి, శ్రావణ భాద్రపదాల్లో ఎడతెగని వాన, అన్నీ నేలను కదుపుతూనే ఉంటాయి. మనుషులకు తెలియనంత చిన్న భూకంపం ఆ రొదలో కలిసిపోతుంది. నాకు కావలసింది ఆ చిన్నవే.

పెద్దది నేను పుట్టక ముందే వచ్చింది. 1962లో ఆనకట్ట వెనక నీళ్లు నిలపడం మొదలుపెట్టాక నేల అదరసాగింది. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున వచ్చిన 6.3 తీవ్రత భూకంపం సుమారు 200 మందిని బలి తీసుకుంది. 1985లో దక్షిణాన వారణ జలాశయం కూడా నిండసాగింది. అదురు ఇప్పటికీ ఆగలేదు. కోయ్నా నీళ్లలో కొంత సొరంగాల గుండా పడమటికి మళ్లి కరెంటు పుట్టిస్తుంది, మిగిలింది కరాడ్ దగ్గర కృష్ణలో కలిసి మీ తెలుగు నేల వైపే వస్తుంది. మా ఊసు మీకు పరాయిది కాదు.

రాయి ఎక్కడో చిట్లుతుంది. ముందు పి తరంగం నన్ను తాకుతుంది, గ్రానైటులో సెకనుకు 6 కిలోమీటర్ల దగ్గర దాని వేగం. వెనకే, 3.5 కిలోమీటర్ల వేగంతో, ఎస్ తరంగం వచ్చి నన్ను అడ్డంగా ఊపుతుంది. రెంటికీ మధ్య అర సెకను ఎడం ఉంటే భూకంపం నాకు సుమారు 4 కిలోమీటర్ల దూరంలో పుట్టినట్టు.

నా ఊపు గీతగా మారి హైదరాబాదులో ఒక పరిశోధక విద్యార్థిని తెర మీదికి చేరుతుంది. పి మొదలైన చోట ఆమె చటుక్కున గుర్తు పెడుతుంది. ఎస్ దగ్గర చెయ్యి ఆగుతుంది. పి తోక ఇంకా ఊగుతుండగానే ఎస్ మొదలవుతుంది మరి. గీతను సాగదీసి, పక్క స్టేషన్ల గీతలతో పోల్చి, అప్పటికీ నమ్మకం కుదరకపోతే ఆ గుర్తుకు విలువ తగ్గించి రాస్తుంది. సెకనులో నూరోవంతు తేడా అంటే పి తరంగానికి 60 మీటర్ల దారి. ఈ ఓపికే మా పనికి ప్రాణమని నా నమ్మకం.

ఇలాంటి గుర్తులు వేలకు వేలు పోగుపడాలి. భూకంపం ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో తెలియదు. దారిలో రాయి వేగమెంతో అదీ తెలియదు. అందుకే నేల అడుగును గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి వేగం ఊహించి, తరంగం రావలసిన వేళకూ మేం చూసిన వేళకూ ఉన్న తేడా తగ్గేదాకా భూకంపం పుట్టిన చోటునూ రాతి వేగాలనూ కలిపే సవరిస్తారు. అలా నేల లోపలి బొమ్మ తయారవుతుంది. ఆసుపత్రి సీటీ స్కాన్ లాంటిదే, కాకపోతే ఇక్కడ కిరణం ఎక్కణ్ణుంచి బయల్దేరిందో కూడా వెతుక్కోవాలి. పగుళ్లలో నీరు నిండిన రాతిలో ఎస్ బాగా మందగిస్తుంది, పి అంతగా తగ్గదు. ఆ రెంటి నిష్పత్తి ఎక్కడ పెరిగిందో చూసి, భ్రంశం, అంటే రాతిలోని పెద్ద పగులు, వెంట నీరు ఎంత లోతుకు దిగిందో అంచనా కడతారు.

ఇక్కడి భూకంపాల్లో ఎక్కువ భాగం 10 కిలోమీటర్ల లోపే పుడతాయి. అంతకు కింద మా బొమ్మ ఖాళీ. కిరణాలు ఒకదాన్నొకటి దాటని గళ్లకు రంగు వేయకుండా వదిలేసేవాళ్లంటే నాకు గౌరవం. రాబోయే భూకంపం తేదీ ఈ బొమ్మ చెప్పదు. ఏ పగులు ఎంత పొడవు సాగిందో, ఎక్కడ వంగిందో చెబుతుంది. 2017లో ఈ ప్రాంతంలోనే 3 కిలోమీటర్ల పైలట్ బోరు పూర్తయింది. భూకంపాలు పుట్టే చోటికే ఇంకా లోతుగా తవ్వాలన్నది శాస్త్రవేత్తల సంకల్పం. ఆ కొత్త బోరు ఏ పగులు పక్కన దిగాలో తేల్చుకోవడానికి మేం అందించిన వేళలతో గీసిన ఈ పటాన్నే ముందు పరచుకోవాలి.